మేనకోడలి హస్తవాసి

మా తమ్ముడి పెద్దకూతురు ఏడో తరగతి పూర్తిచేసిన ఏడాది వేసవిలో నేను పుట్టింటికి పోయింది మామిడిపండ్లు తినడానికి కాదు. ఆ పిల్లను జూన్‌లో నాతోపాటు మా బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్‌కు తెచ్చుకుని ఎనిమిదో తరగతిలో చేర్పించాలని పోయాను. వాళ్ళది బూదికోట దగ్గర ఒక పల్లె. అక్కడి బడి ఏడుతో ఆఖరు. ఆ తర్వాత బూదికోటకు బస్సులో పోవాలి, లేదంటే ఇంట్లో కూర్చోవాలి. ఆ ఊళ్ళో ఆడపిల్లలు చాలామంది మొదట బస్సులో పోయి, తర్వాత ఇంట్లో కూర్చున్నవాళ్ళే. నేను ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. మా ఆయన పొద్దున్నే రైలెక్కి బెంగళూరుకు పోయి చీకటి పడ్డాక వచ్చే మనిషి. మాకు పిల్లలు లేరు. ఇంట్లో ఒక గది ఊరికే పడి ఉంది. ఇన్ని అనుకూలాలున్నా, పిల్లను పంపరా అంటే మా తమ్ముడు "చూద్దాంలేక్కా" అన్నాడు. వాడు కాదని తెగేసి చెప్పినా బాగుండేది, పోట్లాడి ఒప్పించేదాన్ని. చూద్దామన్నవాడితో ఏమని పోట్లాడతాం?

దానికి తోడు మా బడిలో చేరాలంటే చిన్న పరీక్ష ఒకటి రాయాలి. పిల్ల చదివింది కన్నడ మీడియం, మాది ఇంగ్లీషు మీడియం. లెక్కల్లో గట్టిగా ఉంటే తక్కినది సర్దుకుంటుందని మా హెడ్మిస్ట్రెస్‌ను బతిమాలి ఒక సీటు ఆపించాను. ఇక సెలవుల్లో పుస్తకం ముట్టకపోతే పిల్లలు ఏమవుతారో టీచర్లకు జూన్‌లో బాగా తెలుస్తుంది. మార్చిలో భిన్నాలు గడగడా కూడినవాడు జూన్‌లో నన్ను చూసి, ఎక్కడో చూసినట్టుందే ఈమెను అన్నట్టు మొహం పెడతాడు. ఈ పిల్ల విషయంలో అలా జరగనివ్వకూడదని నా పట్టుదల.

నా సంచిలో ఒక ఆయుధం ఉంది. వేసవి సెలవుల కోసమని అచ్చేసి మా బడివాళ్ళు పిల్లలకు అంటగట్టే రంగుల పుస్తకం. రోజుకొక పేజీ. మొదటి పేజీలో మంచుమనిషి. రేకుల ఇంట్లో, ఫ్యాను వేడిగాలిని అటూ ఇటూ తోస్తుంటే, ఆ మంచుమనిషి చొక్కాకు ఎన్ని బొత్తాలున్నాయో లెక్కపెట్టాలట. పెద్దది మర్యాదకు కొన్ని పేజీలు చేసింది. దాని చెల్లెలు, చిన్నది, మూడో తరగతి, మర్యాదతో దానికి పెద్దగా పరిచయం లేదు.

"అత్తా, ఇది బడే కదా? బడికి లీవిచ్చినారు కదా?" అని అడిగింది.

సాయంత్రానికి పుస్తకం మామిడి తొక్కల కింద చేరింది. అక్కడ చేర్చింది ఎవరో నేను అడగనూ లేదు, వాళ్ళు చెప్పనూ లేదు.

మర్నాటి నుంచి చదువు అన్న మాటే ఎత్తలేదు. పందెం అన్నాను. పిల్లలకది ఛాలెంజ్. గెలిచినవాళ్ళకు సాయంత్రం నా ఫోను, వాళ్ళు పెట్టిన వీడియోనే ఇద్దరూ చూడాలి. దాని కోసం ఆ ఇద్దరూ ప్రాణాలిస్తారు. తోటలోంచి వచ్చిన మామిడికాయల కుప్పలో ఎన్ని కాయలున్నాయో అన్నీ లెక్కపెట్టకుండా చెప్పాలని మొదటి పందెం. చిన్నది వెంటనే ఒక అంకె చెప్పింది. పెద్దది కుప్ప చుట్టూ తిరిగి, ఒక బుట్ట నింపి లెక్కపెట్టి, కుప్పలో అలాంటి బుట్టలు ఎన్నవుతాయో చూసుకుని అప్పుడు చెప్పింది. చివరికి లెక్కపెడితే చిన్నదాని అంకే దగ్గరగా తేలింది. ఇదేం చోద్యమని చూస్తే, అది మధ్యాహ్నమంతా నాలుగేసి కాయలు మోసుకుపోయి దూడల కొట్టంలో గడ్డి కింద దాచింది. తాను చెప్పిన అంకెకు కుప్పనే తగ్గించుకుంది. నేను తిట్టబోయి నవ్వేశాను. వాళ్ళక్క మాత్రం నవ్వలేదు. దాచినవన్నీ మోసుకొచ్చి కుప్పలో పోసి మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టించింది.

ఇంకోరోజు బంగారుపేటకు బస్సులో పోతూ దారిలో కనిపించిన బోర్డులన్నీ, తెలుగువి కూడా, చదవాలని పెట్టాను. మా పిల్లలు మాట్లాడేది తెలుగు, రాసేది కన్నడం. తెలుగు అక్షరం చూస్తే దిక్కులు చూస్తారు. నేను పాత క్యాలెండరు వెనక తెలుగు అక్షరాలు రాసి పక్కన కన్నడ అక్షరాలు పెట్టాను. "ఇది మన కన్నడమే కదత్తా, తలకట్టు వేరే పెట్టినారు అంతే" అంది పెద్దది. వారం తిరిగేసరికి తెలుగు కూడబలుక్కుని చదివేస్తోంది. ఆ పిల్లను చూస్తుంటే నాకు సంతోషం, వెంటనే దిగులు. ఇంత చురుకైన పిల్ల ఆ పల్లెలో ఏమవుతుందోనన్న దిగులు.

మే మొదట్లో ఇద్దరినీ కొన్నాళ్ళు మా ఇంటికి తీసుకొచ్చాను. మా ఇల్లు గనులవాళ్ళ వరస ఇళ్ళ పాత లైన్లలో ఉంది. గుమ్మంలో నిలబడితే మూతపడిన గని మీది ఇనుప గోపురం కనిపిస్తుంది. చిత్తూరు పక్కనుంచి వచ్చి మా మామగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ దాని కిందినుంచే లోపలికి దిగేవారు. దాని ఎత్తెంతో కనుక్కోమని పెద్దదానికి పందెం పెట్టాను. కట్టెపుల్ల నీడతో చెట్టు ఎత్తు కొలవడం అప్పటికే నేర్పించాను. అయితే గోపురం చుట్టూ ముళ్ళకంచె ఉంది, లోపలికి వదలరు. నీడ పొడవు కొలవాలంటే లోపల నడవాలి.

"ఉజ్జాయింపుగా వేసుకోవే" అన్నాను.

"లోపల ఎంత దూరముందో తెలీకుండా ఎయ్యకూడదు కదత్తా. అబద్ధం లెక్క అవుతాది" అంది.

మర్నాడు పొద్దున నేను కాఫీ పెడుతుంటే పరుగెత్తుకొచ్చింది. "నీడ కంచె వెంబడే పడుకోనుండాది అత్తా. లోపల నడిస్తేనేమి, బయట నడిస్తేనేమి, అంతే దూరం కదా?" అంది. కంచె బయట, గోపురం కాళ్ళకెదురుగా ఒక రాయి, నీడ కొసకెదురుగా ఒక రాయి పెట్టి వచ్చిందట. ఇన్నేళ్ళుగా లెక్కలు చెబుతున్నాను, నా క్లాసులో ఆ ఉపాయం తట్టిన పిల్ల ఇంకొకతె లేదు. కాఫీ పొంగి స్టవ్వంతా పారింది. ఆ రోజే ఖాళీగదిలోని పాత సామాను తీసి మంచం వేయించాను. కిటికీ దగ్గర బల్ల పెట్టాను. ఇక ఈ పిల్ల ఇక్కడే చదువుతుందని నాలో నేను తీర్మానించేసుకున్నాను. తీర్మానాలు చేసుకోవడంలో నాకు ఎవరూ సాటిరారు.

పిల్లలను వెనక్కు తీసుకుపోయేసరికి తమ్ముడి ఇంట్లో పట్టుపురుగుల హడావిడి మొదలైంది. చిన్నపురుగులను, గుడ్లు పొదిగించి పిల్లపురుగులు అమ్మే చాకీ కేంద్రం నుంచి తెచ్చారు. ఇంటి వెనక పురుగుల కోసమే కట్టిన రేకుల ఇల్లు ఉంది. దాంట్లోకి బయటివాళ్ళను రానివ్వరు. తోబుట్టువునైనా సరే, గుమ్మం దగ్గర బ్లీచింగ్ నీళ్ళలో కాళ్ళు కడుక్కుని, తల్లోని పూలు తీసేసి లోపలికి పోవాలి. ఎండాకాలం పంటంటే మా తమ్ముడికి గుండెదడ. అంతకుముందు వరసగా రెండు పంటలు రోగమొచ్చి పోయాయి. గూడు కట్టాల్సిన పురుగులను గుంత తీసి పూడ్చిపెట్టారు. ఆ మాట వస్తే మా మరదలు పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంటుంది.

ఆ ఇంటి గోడకు రెండు గాజుగొట్టాల థర్మామీటరు ఒకటి వేలాడుతోంది. పట్టుశాఖ వాళ్ళు ఎప్పుడో ఇచ్చింది. ఒక గొట్టం అడుగున తడిగుడ్డ ఉండాలి. ఆ గుడ్డ ఎండి పెళుసుబారి ఉంది. ఆ మేకుకే మా మరదలు తువ్వాల తగిలిస్తుంది. పిల్లలకు కొత్త పందెం కోసం వెతుకుతున్న నాకు అది నిధిలా కనిపించింది. గుడ్డ మార్చి, నీళ్ళు పోసి, విషయం చెప్పాను. పొడిగొట్టం వేడి చెబుతుంది. తడిగొట్టం అంతకంటే తక్కువ చూపిస్తుంది. రెండింటికీ తేడా బాగా ఉంటే గాలి పొడిగా ఉన్నట్టు. తేడా తగ్గిపోతే గాలిలో చెమ్మ ఎక్కువైనట్టు. పందెం ఏమంటే, గుమ్మంలో నిలబడి, గొట్టాలు చూడకుండా, రెండు అంకెలూ చెప్పాలి. ఎవరు దగ్గరగా చెబితే ఫోను వాళ్ళది.

చిన్నదానికి రెండు రోజుల్లో విసుగొచ్చింది. పెద్దది మాత్రం దాన్ని పట్టుకుని వదల్లేదు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చూసి గోడ మీద సున్నపుముక్కతో చుక్కలు పెట్టింది. చుక్కలు కలిపితే కొండలా ఎక్కి దిగే గీత వచ్చింది. పురుగులు పొరవిడిచే సమయాన్ని మావాళ్ళు జ్వరం అంటారు. తల పైకెత్తి, మేత మాని, కదలకుండా ఉంటాయి. "జ్వరమంటే వొళ్ళు కాలాలి కదత్తా" అని ఆ పిల్ల వాటి మధ్య వేలు పెట్టి చూసేది. కొద్దిరోజులకు దానికొక సంగతి పట్టుబడింది. ఎండ పెరగ్గానే వాళ్ళమ్మ గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టి, అన్నీ మూసేస్తుంది. లోపల చల్లగానే ఉంటుంది. కానీ రెండు గొట్టాలూ ఒకే చోటికి వచ్చేస్తున్నాయి. మేత వేసిన మల్బరీ ఆకు చెమర్చి వాసన వస్తోంది.

"అమ్మా, చల్లగుంటే చాలదు. కింది కిటికీలు తెరువు. గాలి ఆడాల" అంది.

"పోవే, చెప్పొచ్చినావు పెద్ద. వడగాలి కొడితే పురుగు మిగలదు" అని మా మరదలు కసిరింది.

ఒకరోజు మరదలు ఆకు కొయ్యడానికి పోయినప్పుడు ఆ పిల్ల తానే కింది కిటికీలు తెరిచి, గోనెలను పైవైపు మాత్రమే ఉంచింది. సాయంత్రానికి గొట్టాల మధ్య తేడా కనిపించింది, వాసన పోయింది. ఆ తర్వాత ఎప్పుడు మూయాలో, ఎప్పుడు తెరవాలో దానిమాటే చెల్లింది. నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను. మంచుమనిషి బొత్తాలు లెక్కపెట్టమన్నప్పుడు ఆవులించిన పిల్ల ఎండలో చెమటలు కక్కుతూ గాలి చెమ్మ లెక్కలు వేస్తోంది. ఇదీ చదువంటే, అని మా తమ్ముడితో రోజూ అనేదాన్ని. వాడు తలూపేవాడు. ఆ తలూపుడు దేనికో నాకు తర్వాత అర్థమైంది.

ఆ పంట బ్రహ్మాండంగా వచ్చింది. పురుగులన్నీ ఒకేసారి పండి, గూడు కట్టుకోవడానికి వెదురు తట్టల మీదికి, చంద్రికల మీదికి, ఎక్కాయి. గూళ్ళు తెల్లగా, గట్టిగా, చెవి దగ్గర ఊపితే గలగలమని మోగాయి. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ ఎండకు పంటలు పోతుంటే మావాడి పంట నిలబడింది. మార్కెట్టు నుంచి తమ్ముడు పెద్దకూతురికి కొత్త గౌను, మిఠాయి తెచ్చాడు. గౌనును పిల్ల భుజాల మీద ఆనించి చూసి, తల మీద చెయ్యిపెట్టి అన్నాడు.

"నా బిడ్డ చెయ్యి బంగారమక్కా. దాని కైగుణంతోనే పంట నిలిచినాది."

పట్టుపురుగులు పెంచే ఇళ్ళలో ఈ మాట కొత్తది కాదు. డాక్టరుకు హస్తవాసి ఉన్నట్టు కొందరి చేతికి పురుగు కలిసొస్తుందని నమ్ముతారు. పంట మొదలుపెట్టేటప్పుడు అలాంటివాళ్ళను పిలిచి మొదటి ఆకు వేయిస్తారు. నాకు ఆ సంగతి చిన్నప్పటి నుంచి తెలుసు. కానీ నేను నేర్పిన చదువు నా కళ్ళముందే చేతిగుణంగా మారిపోతుంటే ఊరుకోలేకపోయాను. అక్కడికక్కడే లేచి నిలబడి, తడిగొట్టం, పొడిగొట్టం, చెమ్మ, గాలి, కిటికీలు, అన్నీ మొదటినుంచి వివరించాను. గోడమీది గీత చూపించాను. అందరూ ఎంతో మర్యాదగా విన్నారు.

"నువ్వు టీచరమ్మవి కదక్కా, నీకట్లనే కనపడతాది" అన్నాడు తమ్ముడు, ప్రేమగానే.

"అది నేర్చుకుంటే ఎవరికైనా వస్తుందిరా. నీకూ వస్తుంది."

"నువ్వు చెప్పినప్పుడు మేమూ ఆడనే ఉండాము కదా. మాకు రాలేదు. పాపకొచ్చినాది. దాన్నే కైగుణం అంటాము."

ముప్ఫై మంది పిల్లల గోలలో నోరు నొక్కుకోని నేను మా తమ్ముడి ఒక్క మాటకు చేతకానిదానిలా నిలబడిపోయాను. వాడిది మూర్ఖత్వమని కొట్టిపారేయడానికి లేదు, పైగా వాడు చెప్పింది ఒకవిధంగా నిజం కూడా.

వారంలోపే ఆ మాట ఊరంతా పాకింది. పక్కింటివాళ్ళు వచ్చి, మా ఇంట్లోనూ పాప చేత్తోనే మొదటి ఆకు వేయించాలన్నారు. తర్వాత పక్క ఊరివాళ్ళు బైకులో వచ్చి తీసుకుపోయారు. కాళ్ళకు పసుపు రాసి, పీట మీద కూర్చోబెట్టి, పండు తాంబూలం ఇచ్చి పంపారు. పన్నెండేళ్ళ పిల్లకు ఎప్పుడైనా ఎవరైనా అంత మర్యాద చేశారా? అది నేలమీద నడవడం మానేసింది. చిన్నది కుళ్ళుకుని, తన చెయ్యి కూడా మంచిదేనని నిరూపించడానికి దొరికిన కుక్కపిల్లలన్నిటికీ అన్నం పెట్టి ఎదురుచూసేది. నేను పందెం అంటే పెద్దది, "ఈపొద్దు వద్దత్తా, వాళ్ళింటికి పోవాల" అనడం మొదలుపెట్టింది.

నేను మా ఇంటికి వచ్చేసి, జూన్‌లో బడులు తెరిచే ముందు పిల్లను తీసుకుపోవడానికి మళ్ళీ పోయాను. బట్టలకని పెద్ద సంచి కూడా పట్టుకుపోయాను. ఆ పొద్దునే కొత్త చాకీ పురుగులు దిగాయి. మా మేనకోడలు తలంటుకుని, పావడా కట్టుకుని, మొదటి ఆకు వేసి వచ్చింది. సంచి చూసి తమ్ముడు నన్ను పక్కకు పిలిచాడు.

"ఈ ఒక్క పంట అయిపోనీక్కా. గూళ్ళు దింపినాక నేనే తెచ్చి విడుస్తాను."

"బడి తెరుస్తారురా. పరీక్ష ఉంది. సీటు నాకోసం ఆపి పెట్టినారు."

"సదువు యాడికి పోతాదక్కా? ఆడనే ఉంటాది. పురుగులు ఉండవు కదా. ఇంగొక పంట పోతే నేను లేవలేను."

వాడిని చిన్నప్పుడు చంకనెత్తుకుని తిరిగినదాన్ని నేను. ఆ ఇంట్లో వాళ్ళ తిండీ బట్టా ఆ పురుగుల మీదే నడుస్తున్నాయి. రెండు పంటలు పోయిన మనిషి దగ్గర కూర్చుని, మూడోది పోయినా పర్వాలేదు పిల్లను చదివించు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఖాళీ సంచితో బస్సెక్కాను.

సరే, తల్లికి నేర్పిస్తే పిల్ల విడుదలవుతుంది కదా అని మరుసటి ఆదివారం మళ్ళీ పోయాను. నా గోళ్ళరంగు సీసా తీసుకుపోయి, థర్మామీటరు మీద ఎక్కడిదాకా ఉంటే కిటికీ తెరవాలో, ఎక్కడ మూయాలో ఎర్రగీతలు పెట్టాను. మా మరదలికి చదువు రాకపోయినా గీతలు అర్థమయ్యాయి. పక్కన నిలబడి చేయించాను. చక్కగా చేసింది. అదుగో, నీకూ వచ్చేసిందని భుజం తట్టాను. ఆమె తువ్వాలతో మొహం తుడుచుకుంది.

"గీతలు తెలిస్తే ఏమొదినా, నా చెయ్యి మంచిది కాదు. నా చేతిలోనే కదా రెండు పంటలు పోయినాయి" అంది.

"నీ చేతివల్ల పోలేదే. గోనెలు తడిపి గాలి ఆడకుండా మూసేసినందువల్ల పోయినాయి."

"ఆ గోనెలు తడిపింది నా చెయ్యే కదొదినా."

ఆమెను ఆ ఇంట్లో ఎవరూ పల్లెత్తు మాట అనలేదట. తనకు తానే ఆ మాట వేసుకుని ఇన్నాళ్ళూ మోస్తోంది. ఇప్పుడు కూతురి చెయ్యి మంచిదని తేలేసరికి బరువు దించుకున్నట్టయింది. ఆ బరువు తెచ్చి మళ్ళీ ఆమె నెత్తినే పెట్టాలని చూస్తున్న ఆడబిడ్డను నేను. నేను తిరిగి వచ్చేసిన రెండోరోజే ఒక తట్టలో నాలుగు పురుగులు రోగమొచ్చి పచ్చబడి కనిపిస్తే, గీతల మాట మరిచిపోయి, కూతురిని పిలుస్తూ వీధిలోకి పరుగెత్తిందని తర్వాత ఫోన్లో తెలిసింది.

మిగిలింది పిల్లే. ఆ పంట గూళ్ళు దింపిన రోజు మళ్ళీ పోయాను. అది చంద్రికల నుంచి గూళ్ళు విడదీస్తుంటే పక్కన కూర్చుని నేనూ విడదీశాను. పెద్దవాళ్ళెవరూ దగ్గర లేరు.

"నాతో వస్తావా?" అని అడిగాను.

తల ఎత్తలేదు. "రావాలనే ఉండాది అత్తా."

"మరి?"

"నేనొస్తే పురుగులు సచ్చిపోతాయి."

నాకు కోపం ముంచుకొచ్చింది. ఇంకెవరన్నా ఆ మాట అంటే ఊరుకునేదాన్నేమో. "అవెందుకు బతికినాయో నీకు తెలీదా? నువ్వే కదే చెప్పింది మీ అమ్మకు!" అని గట్టిగా అరిచాను. అది భయపడలేదు. గూళ్ళు విడదీస్తూనే, మధ్యాహ్నం గొట్టాలు ఎంతెంత ఉండాలో, ఎప్పుడు గాలి వదలాలో, జ్వరం లేచాక మేత ఎప్పుడు వేయాలో, ఒక్కటి తప్పకుండా నాకు అప్పజెప్పింది. నా బడిలో ఆ పరీక్షకు వచ్చిన ఏ పిల్లా అంత చక్కగా చెప్పి ఉండదు. అంతా చెప్పి ఆఖరున అంది.

"అంతా తెలుసత్తా. అయినా నేను ఈడ లేనప్పుడు సచ్చిపోతే? నాయన మొహం ఎట్ల చూసేది?"

నేను లెక్కల టీచర్ని. ఏది చెప్పినా రుజువు చూపించి ఒప్పించడం నా పని. ఈ పిల్ల దగ్గర రుజువులన్నీ ఉన్నాయి, నాకంటే ఎక్కువే ఉన్నాయి. అవేవీ దానికి అక్కరకు రాలేదు. చేతులకంటిన పట్టు దారాలు దులుపుకుంటే పోలేదు. నాకు ఏడుపొచ్చింది, ఆ పిల్ల చూడకుండా కొంగుతో ముక్కు తుడుచుకున్నాను.

జూన్ ఆఖరుకు హెడ్మిస్ట్రెస్ సీటు ఇంకొకరికి ఇచ్చేసింది. ఆమెను తప్పుపట్టలేను, చాలా ఓపిక పట్టింది. తమ్ముడు కూడా ఊరుకోలేదు, కూతురి పేరు బూదికోట హైస్కూల్లో రాయించాడు. పంటకూ పంటకూ నడుమ దొరికిన రోజుల్లో పిల్ల బస్సెక్కి పోయి వస్తుంది. పంటలు బాగా వస్తున్నకొద్దీ ఆ నడుమ రోజులు తగ్గిపోతున్నాయి. అక్కడి హెడ్మాస్టరు ఒకసారి ఇంటికి వచ్చి, పిల్లను బడికి పంపకపోతే ఎలాగని గట్టిగానే అడిగాడట. మా మరదలు మజ్జిగ ఇచ్చింది. తమ్ముడు చేతులు జోడించి, ఈ పంట కాగానే పంపిస్తానన్నాడు. మాట తప్పలేదు కూడా. పంట కాగానే పంపాడు, కొత్త చాకీ దిగేదాకా.

మా ఇంట్లో ఆ గదిలో బల్ల, మంచం అలాగే ఉన్నాయి. మా ఆయన ఒకరోజు మెల్లగా, సామాను మళ్ళీ లోపల పెట్టేద్దామా అన్నాడు. ఆయన మీద అనవసరంగా విరుచుకుపడ్డాను. పాపం, ఆయనేం చేశాడు? ఇల్లు మనుషులతో నిండాలని ఆయనకూ ఉంది.

పిల్ల మాత్రం నన్ను మరిచిపోలేదు. సాయంత్రం మేత వేశాక వాళ్ళ నాయన ఫోన్లో నాకు చేస్తుంది. ఆ రోజు మా బడిలో నేను చెప్పిన ఎనిమిదో తరగతి పాఠం తనకూ చెప్పమంటుంది. బడి సంగతి కాసేపు మాట్లాడాక, పందెం పెట్టమంటుంది. వేసవి పోయి ఎన్నాళ్ళో అయినా అది పందేలు మానలేదు. తట్టలో పురుగులను లెక్కపెట్టకుండా ఎన్నున్నాయో చెప్పడం, ఆకు బరువు చేత్తోనే అంచనా కట్టడం, రేపటి వేడి ఈ రోజే చెప్పడం. పెట్టినవన్నీ గెలుస్తుంది. గెలిచినప్పుడు ఫోన్లోనే ఎగిరి గంతులేస్తుంది.

నిన్న కూడా చేసింది. "అత్తా, రెండు దినాలుగా నువ్వు పందెం పెట్టలేదు" అంది. వెనకనుంచి మా మరదలు కిటికీలు మూయమంటావా అని దాన్ని అడుగుతోంది. పిల్ల ఫోను చెవి దగ్గర పెట్టుకునే, ఇంకాసేపు ఆగమని తల్లికి చెప్పింది. నేనొక పందెం పెడితే ఆ పిల్ల దాన్ని రేపు పురుగుల ఇంట్లోనే గెలుస్తుంది. పురుగులు ఇంకా బాగా పెరుగుతాయి. దాని చెయ్యి ఊరికి ఇంకా మంచిదవుతుంది. పెట్టకపోతే దానికి మిగిలిన కాస్త చదువూ పోతుంది.

"అత్తా, ఉండావా?" అంది.

ఉన్నానని చెప్పి, పందెం పెట్టాను.